గుగ్గిలంలో పెంకుపురుగు

పోయినేడాది దీపావళి సెలవుల్లో ఆన్‌లైన్‌లో నాలుగువేల మూడొందలు పెట్టి ఒక అంబర్ పూస కొన్నాను. తేనెరంగు, చింతగింజ కంటే కొంచెం పెద్దది. లోపల ఓ నల్లటి పురుగు. పూసతో పాటు ఒక చిన్న కార్డు, దాని మీద మూడు ముక్కలు: బర్మా అంబర్, 9.9 కోట్ల ఏళ్ళు, పెంకుపురుగు. మా ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి కాసేపు చూసి, “ఇది బీటిలే అని నీకెట్లా తెలుసు?” అంది. కార్డు మీద రాసుందిగా అన్నాను. “కార్డు మీద ఏమైనా రాస్తారు,” అంది. ఆవిడది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. నేను కోడ్ రాస్తాను, ఆవిడ లాంటివాళ్ళు దాన్ని నమ్మరు. మా ఇంట్లో పనుల పంపకం కూడా దాదాపు ఇంతే.

ఆ ప్రశ్న నన్ను ఏడాది పాటు తిప్పింది. చెట్టు జిగురులో చిక్కి రాయిలా మారినదాంట్లో ఉన్న ఒక పురుగుని చూసి ఇది ఫలానా అని చెప్పడానికి మనుషులు ఎన్ని తంటాలు పడ్డారు, ఎన్నిసార్లు పప్పులో కాలేశారు, పెట్టిన పేర్లు ఎక్కడెక్కడ తగలబడిపోయాయి అని చదువుకుంటూ పోయాను. నేను జీవశాస్త్రం ఇంటర్‌కి ముందే వదిలేసినవాణ్ణి. కాబట్టి ఇది నిపుణుడి మాట కాదు, ఆ ప్రశ్న వెనకాల నడిచిన ఒకడి కథ అనుకోండి.

*

ముందు పెంకుపురుగు అంటే ఏంటో చూద్దాం.

మా అమ్మమ్మగారి ఊళ్ళో వానలు మొదలయ్యాక తుమ్మచెట్ల మీదకి జీరంగులొచ్చేవి. ఆకుపచ్చలో బంగారం కలిపినట్టు మెరిసే పురుగులు. వాటిని పట్టి, అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేతగా వేసి, అవి గుడ్లు పెడతాయేమోనని గంటకోసారి తెరిచి చూసేవాళ్ళం. ఆ జీరంగీ, దొడ్లో పేడ ఉండలు దొర్లించే పేడపురుగూ, కొబ్బరిచెట్టు మొవ్వు తినేసే కొమ్ముపురుగూ, రాత్రిళ్ళు వెలిగే మిణుగురూ, అమ్మ బియ్యం చెరుగుతుంటే బయటపడే ముక్కుపురుగూ అన్నీ ఒకే వంశమని ఎవరైనా చెప్తే అప్పట్లో నవ్వేవాణ్ణి.

ఒకే వంశం అని తేల్చేది ముందు రెక్కలు. పెంకుపురుగుల్లో దాదాపు అన్నిటికీ ముందు జత రెక్కలు గట్టిపడి పెంకుల్లా మారిపోతాయి. ఎగరడానికి పనికొచ్చే అసలు రెక్కలు వాటి కింద మడిచిపెట్టుకుని ఉంటాయి. అరిస్టాటిల్ ఈ సంగతి చూసే వీటిని ‘ఒరలో రెక్క ఉన్నవి’ అన్నాడు. ఆ గ్రీకు మాటే ఇవాళ్టికీ ఈ క్రమం పేరు: కొలియోప్టెరా. రెండు పెంకులూ వీపు మధ్యలో నిట్టనిలువు గీతలా కలుస్తాయి. నల్లి వంశంలోని పురుగులు కొన్ని చూడ్డానికి అచ్చం పెంకుపురుగుల్లా ఉంటాయి. కానీ వాటి రెక్కలు చివర ఒకదాని మీదకొకటి ఎక్కి ఇంటూ గుర్తులా కనిపిస్తాయి, నోరేమో గుచ్చి పీల్చే సూదిలా ఉంటుంది. మొదటి పరీక్ష ఇదీ: వీపు మీద గీత నిలువుగా ఉందా, ఇంటూలా ఉందా? నా పూసలో నిలువు గీతే ఉంది. ఫోన్‌కి తగిలించుకునే మాక్రో లెన్సుతో అది చూసిన రోజు నా సంతోషం చెప్పలేను.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే పెంకుపురుగు అని చెప్పడం, మనిషిని చూపించి ‘భారతీయుడు’ అన్నట్టుంటుంది. ఇప్పటికి శాస్త్రం పేర్లు పెట్టిన పెంకుపురుగు జాతులు దాదాపు నాలుగు లక్షలు. పేరున్న జంతుజాతులన్నిట్లో సుమారు నాలుగో వంతు ఇవే. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికొచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మీద ఒక మాట తిరుగుతుంటుంది. సృష్టిని చూసి సృష్టికర్త గురించి ఏం తెలుసుకున్నారని అడిగితే, ఆయనకి పెంకుపురుగులంటే మరీ ముద్దని తెలిసింది అన్నాట్ట.

ఈ నాలుగు లక్షల్ని ముందు నాలుగు ఉపక్రమాలుగా విడగొడతారు. తొంభై శాతం దాకా ఒక్క పాలిఫాగా అనేదాంట్లోనే పడతాయి. అక్కణ్ణించి కుటుంబం, ప్రజాతి, జాతి. దారి చూపించే గుర్తులు చాలావరకు పురుగు అడుగు భాగంలో ఉంటాయి. వెనక కాళ్ళ మొదళ్ళు పొట్టకి అతుక్కుపోయి, పొట్ట మొదటి ఖండాన్ని రెండుగా చీల్చాయా? అయితే అడెఫాగా, అంటే నేల మీద పరిగెత్తి వేటాడే పురుగుల వైపు. లేదా? అయితే కాలి చివర పాదంలో ఎన్ని కణుపులున్నాయో లెక్కపెట్టు. ముందు, నడిమి, వెనక కాళ్ళకి వరసగా అయిదు, అయిదు, అయిదా? అయిదు, అయిదు, నాలుగా? మీసాలు చివర గుండులా ఉబ్బాయా, విసనకర్రలా విచ్చుకున్నాయా, మోచేతిలా మధ్యలో వంగాయా? మా భాషలో చెప్పాలంటే ఇదంతా ఒక పెద్ద ఇఫ్-ఎల్స్ నిచ్చెన. ప్రతి మెట్టు దగ్గరా ఒక జవాబు ఇస్తేగాని కిందికి దిగలేం.

బతికున్న పురుగైతే తిరగేసి చూస్తాం. అంబర్‌లో ఉన్నదాన్ని తిరగేసినా లాభం లేదు. బాల్టిక్ అంబర్‌లో పురుగు కుళ్ళేటప్పుడు వెలువడిన బుడగలు పాలమీగడ లాంటి తెల్లటి పొరగా దాని చుట్టూ పేరుకుంటాయి. అదీ సరిగ్గా పొట్ట కింద, మనకి జవాబు కావాల్సిన చోట. నా పూసలో పురుగు ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆరు కాళ్ళలో మూడే కనిపిస్తాయి. వాటిలో ఒకదాని పాదం పగులు చాటున పోయింది. నిచ్చెన రెండో మెట్టు మీదే ఆగిపోయాను.

*

అంబర్‌ని సంస్కృతంలో తృణమణి అన్నారు, పారసీలో కహ్రుబా అన్నారు. రెండు పేర్లలోనూ గడ్డి ఉంది. గుడ్డతో రుద్దితే గడ్డిపరకల్ని లాక్కుంటుంది కాబట్టి. గ్రీకులు దీన్ని ఎలెక్ట్రాన్ అన్నారు. కరెంటుకి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు అక్కణ్ణించే వచ్చింది.

ఇది చెట్టు జిగురని మొదట్నించీ అందరూ ఒప్పుకోలేదు. సముద్రపు నురగనీ, ఎండ గడ్డకట్టిందనీ రకరకాల కథలు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ, తన ప్రకృతి చరిత్రలో దీనికి సూటిగా ఒక సాక్ష్యం చూపించాడు. లోపల చీమలు, దోమలు, బల్లులు కనిపిస్తున్నాయి, అంటే ఇది ఒకప్పుడు కారే ద్రవంగా ఉండి తీరాలి అన్నాడు. పురుగుని సాక్షిగా నిలబెట్టడం ఇక్కడే మొదలైంది. అయితే ప్లినీకి కావాల్సింది జిగురు సంగతి. ఆ చీమ ఏ చీమ అన్నది ఆయన అడగలేదు.

అది అడగడానికి పదిహేడు వందల ఏళ్ళు పట్టింది. 1742లో ఎల్బింగ్ పట్నం వైద్యుడు నథానియేల్ సెండెల్, సాక్సనీ పాలకుడు అగస్టస్ సేకరించి డ్రెస్డెన్‌లో ఉంచిన అంబర్ ముక్కల్ని ఒక్కొక్కటీ బొమ్మ గీయించి, వర్ణించి పెద్ద పుస్తకం వేశాడు. అందులో పెంకుపురుగులూ ఉన్నాయి. కానీ లినేయస్ జంతువులకి రెండు ముక్కల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచింది 1758లో. జంతుశాస్త్రంలో పేర్లన్నిటికీ అదే లెక్క మొదలు. అంటే సెండెల్ పదహారేళ్ళు తొందరపడ్డాడు. ఆయన వర్ణించిన పురుగులకి చెల్లుబాటయ్యే పేర్లు లేవు. పోనీ, తర్వాతివాళ్ళు ఆ ముక్కలు మళ్ళీ చూసి పేర్లు పెట్టొచ్చు కదా అంటే, 1849 మే తిరుగుబాటులో డ్రెస్డెన్ ప్రాసాదం అంటుకుని ఆ సేకరణ కాలిపోయింది. అంబర్ బాగా మండుతుంది. జర్మన్‌లో దాని పేరు బెర్న్‌స్టైన్, కాలే రాయి అని అర్థం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పేరు పెట్టడమంటే కాగితం మీద రాయడం ఒక్కటే కాదు. ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఒక ఫలానా పురుగుని, ఒక్కదాన్ని, ఆ పేరుకి హామీగా నిలబెట్టాలి. దాన్ని హోలోటైప్ అంటారు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వర్ణన చదివి కొట్టుకోకుండా వెళ్ళి ఆ పురుగునే చూస్తారు. మనం ఆస్తి దస్తావేజు లాకర్‌లో పెట్టుకున్నట్టు శాస్త్రం దాన్ని మ్యూజియంలో పెట్టుకుంటుంది. మ్యూజియం పోతే పేరు మిగులుతుంది గానీ, అది దేని పేరో తేల్చుకునే దారి మూసుకుపోతుంది.

ఇదే పెద్దయెత్తున జరిగింది కోనిగ్స్‌బర్గ్‌లో. పంతొమ్మిదో శతాబ్దంలో బాల్టిక్ ఒడ్డున స్టాంటియెన్-బెకర్ అనే కంపెనీ అంబర్‌ని సముద్రంలోంచి తోడీ, భూమిలోంచి తవ్వీ టన్నుల్లో తీసింది. నగలకి పోయేది పోగా, లోపల పురుగులున్న ముక్కల్ని ఏరి కంపెనీ ఒక మ్యూజియం పెట్టింది. దాన్ని చూసుకున్న భూశాస్త్రవేత్త రిచర్డ్ క్లెబ్స్ సొంతంగానూ సేకరించాడు. 1910లో తన దగ్గరున్న పెంకుపురుగుల మీద ఒక పెద్ద పత్రం ప్రచురించాడు. అందులో చాలావాటిని గుర్తుపట్టి పెట్టింది అప్పటి పెంకుపురుగుల దిట్ట ఎడ్మండ్ రైటర్. చాలావాటికి కుటుంబం, ప్రజాతి వరకే చెప్పారు. జాతి పేరు, వర్ణన తర్వాత చేద్దాంలే అన్నట్టు వదిలేశారు. ‘తర్వాత చేద్దాం’ అని కోడ్‌లో కామెంట్ రాసిపెట్టి వదిలేసిన ప్రతివాడికీ ఆ తర్వాత ఏమవుతుందో తెలుసు.

కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం సేకరణ పెరిగి పెరిగి లక్ష ముక్కలు దాటింది. ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదన్నారు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో ఒక భాగాన్ని పడమటికి తరలించారు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నగరంతో పాటే పోయింది. ఆ నగరం ఇప్పుడు రష్యాలో ఉన్న కలినిన్‌గ్రాడ్. తరలించిన భాగం ఇవాళ గోటింగెన్‌లో ఉంది. బాల్టిక్ అంబర్‌లోని పెంకుపురుగుల మీద ఇప్పటికీ పనిచేసేవాళ్ళకి మొదటి పని ఏంటంటే, పాత జాబితాలో ఫలానా పేరున్న పురుగు పోయిందా, ఉందా అని వెతకడం.

*

పురుగు ఎదురుగా ఉన్నా మోసపోవచ్చు. 1850లో హెర్మన్ లోవ్ అనే ఈగల నిపుణుడు బాల్టిక్ అంబర్‌లో ఒక ఈగని వర్ణించాడు. ఆ ముక్క చేతులు మారి 1922లో లండన్ మ్యూజియానికి చేరింది. 1966లో విల్లీ హెనిగ్ దాన్ని పరిశీలించి, ఇవాళ మరుగుదొడ్ల చుట్టూ తిరిగే ఈగ జాతే ఇది, కోట్ల ఏళ్ళుగా మారకుండా ఉందని ఒప్పుకున్నాడు. ఈ హెనిగ్ సామాన్యుడు కాదు. జీవుల్ని పైపై పోలికల్ని బట్టి కాకుండా, ఉమ్మడి పూర్వీకుల్నించి వచ్చిన కొత్త గుర్తుల్ని బట్టి వర్గీకరించాలని ఇవాళ్టి పద్ధతికి పునాది వేసినవాడు. 1993లో ఆండ్రూ రాస్ అదే ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంటే దీపం వేడికి ఈగ చుట్టూ ఒక బీట కనిపించింది. ఎవరో అంబర్‌ని రెండు చెక్కలుగా కోసి, ఒకదాన్ని తొలిచి, ఈగని పెట్టి, మళ్ళీ అతికించారు. నూట నలభై ఏళ్ళకి పైగా ఎవరూ పట్టుకోలేదు. హెనిగ్ కాళ్ళూ రెక్కలూ సరిగ్గానే చూశాడు, గుర్తింపు కూడా తప్పు కాదు. అది నిజంగానే మరుగుదొడ్డి ఈగ. తప్పు జరిగింది ఈగలో కాదు, జిగురులో.

అదే 1993లో పెంకుపురుగుల వంతు వచ్చింది. జూన్ 10న నేచర్ పత్రికలో రౌల్ కానో, జార్జ్ పోయినార్ తదితరులు ఒక పత్రం వేశారు. లెబనాన్ అంబర్‌లో దొరికిన, 12 కోట్ల ఏళ్ళు దాటిన ముక్కుపురుగు నుంచి డీఎన్ఏ తీశామన్నారు. మర్నాడు, జూన్ 11న, అమెరికాలో జురాసిక్ పార్క్ విడుదలైంది. అంత చక్కగా ముహూర్తం కుదిరిన శాస్త్రవార్త ఇంకోటి ఉండదేమో. మా తరంలో సగంమందికి అంబర్ అంటే ఆ సినిమాలో ముసలాయన చేతికర్ర పిడిలో ఉన్న దోమే గుర్తొస్తుంది. కానీ ఆ ఫలితం నిలబడలేదు. 1997లో లండన్ పరిశోధకులు జాగ్రత్తలన్నీ తీసుకుని అంబర్ పురుగుల మీద మళ్ళీ ప్రయత్నిస్తే వాటి డీఎన్ఏ ఏమీ దొరకలేదు. మొదట దొరికిందనుకున్నది బయట్నుంచి కలిసిన చెత్త అనే అభిప్రాయం స్థిరపడింది. ఆ ముక్కుపురుగు మాత్రం నిజమే. లిబనోరైనస్ సక్సినస్ అనే పేరుతో వర్గీకరణలో దాని చోటు దానికుంది. డీఎన్ఏ అబద్ధమైనా పాదాల కణుపులు అబద్ధమాడలేదు.

నాకిది చదివాక అర్థమైందేంటంటే, ఈ రంగంలో ఇప్పటికీ ఆధారం కంటిచూపే. చూసే పద్ధతులు మాత్రం మారాయి. ముక్కని పురుగు మొహానికి సమాంతరంగా అరగదీసి కిటికీ తెరుస్తారు. ఒక చుక్క గ్లిజరిన్ వేసి పైన సన్నటి గాజు పలక పెడితే మెరుపులు తగ్గి లోపల స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటికీ కనిపించనివాటికి మైక్రో సీటీ స్కాన్. 2000ల చివర్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో, బయటికి బొగ్గుముక్కల్లా కనిపించే అంబర్‌లో కూడా ఎక్స్‌రేలతో పురుగుల్ని చూపించారు. ఇప్పుడు కంప్యూటర్లో పురుగుని తిరగేసి పొట్ట కింద ఏముందో చూడొచ్చు. పాలమీగడ పొర అడ్డం రాదు.

*

ఇప్పుడు మన వైపు వద్దాం.

మనకి గుగ్గిలం తెలుసు. దేవుడి దగ్గర పొగ వేసేది. అంగట్లో ఆ పేరుతో రెండు మూడు రకాల చెట్ల జిగుర్లు అమ్ముతారు. వాటిలో ఒకటి సాలవృక్షానిది. ఉత్తరాంధ్ర అడవుల్లో దాన్ని గుగ్గిలం చెట్టనే అంటారు. శేషాచలం కొండల్లో పెరిగే జాలారి కూడా దాని దాయాదే. తుమ్మబంక నీళ్ళలో కరుగుతుంది, గుగ్గిలం కరగదు. ఆ తేడా వల్లే తుమ్మబంక అంబర్ కాలేదు, గుగ్గిలం లాంటివి కాగలవు.

గుజరాత్‌లో సూరత్ జిల్లా తడకేశ్వర్, వస్తాన్ గనుల్లో లిగ్నైట్ తవ్వుతుంటే బొగ్గు మధ్యలో పసుపురంగు ముద్దలు వస్తాయి. 2010లో జెస్ రస్ట్, హుకమ్ సింగ్, రాజేంద్ర రాణా, డేవిడ్ గ్రిమాల్డి తదితరులు వాటిని పరిశీలించి రాశారు. వయసు అయిదు కోట్ల ఏళ్ళ పైమాట. ఏడొందలకి పైగా కీటకాలు, సాలీళ్ళ లాంటివి దొరికాయి. రసాయనికంగా ఆ జిగురు సాలవృక్ష కుటుంబానిది. అంటే అది అప్పటి గుగ్గిలమే. దీనికో విచిత్రమైన గుణం ఉంది. బాల్టిక్ అంబర్ లాగా బాగా గట్టిపడక, టాల్వీన్ లాంటి ద్రావకంలో మెత్తబడుతుంది. దాంతో అయిదు కోట్ల ఏళ్ళ పురుగుని జిగురులోంచి విడదీసి బయటికి తీయొచ్చు. నాలాంటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూస్తుంటే వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారన్నమాట.

దీనివల్ల కదిలింది మన భూఖండం కథ. భారత ఫలకం గోండ్వానా నుంచి విడిపోయి, కోట్ల ఏళ్ళు సముద్రంలో ఒంటరిగా ఈదుకుంటూ వచ్చి ఆసియాని గుద్దిందని బళ్ళో చదివాం. అంత ఒంటరిదైతే దాని మీది పురుగులు కూడా మడగాస్కర్‌లో లాగా ఎక్కడా లేనివై ఉండాలి. కాంబే అంబర్‌లోని పురుగులకి యూరప్, ఆసియా వైపు చుట్టరికాలు బాగానే కనిపించాయి. ఆ ఒంటరితనం మనం అనుకున్నంత గట్టిది కాదన్నమాట.

ఆ గుగ్గిలంలో ఒక పెంకుపురుగు ఉంది. 2014లో జోసెఫ్ పార్కర్, గ్రిమాల్డి దానికి ప్రోటోక్లావిజర్ ట్రైకోడెన్స్ అని పేరు పెట్టారు. దాని వయసు 5.2 కోట్ల ఏళ్ళు. ఈ వంశంవి ఇవాళ మూడొందలకి పైగా జాతులున్నాయి. అన్నీ చీమల పుట్టల్లో ఉచితంగా బతుకుతాయి. ఒంటి మీది ప్రత్యేకమైన వెంట్రుకల కుచ్చుల నుంచి చీమల్ని బుజ్జగించే స్రావం వదిలితే, చీమలు వాటిని సొంత పిల్లల్లా మోసుకుని తిండి పెడతాయి. అవేమో చీమల పిల్లల్నే తింటాయి. ఆ బతుక్కి తగ్గట్టు ఒళ్ళు మారిపోయింది. మీసాల ఖండాలు తగ్గిపోయాయి, పొట్ట మీది పలకలు ఒకే కవచంగా అతుక్కుపోయాయి. గుజరాత్ పురుగుకి వెంట్రుకల కుచ్చులున్నాయి గానీ, పొట్ట పలకలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. అంటే చీమల ఇంట్లో దూరడం నేర్చింది, ఒళ్ళు ఇంకా పూర్తిగా మారలేదు. అప్పటికి చీమలే ఇవాళ్టంత విరివిగా లేవు. చీమలు లోకాన్ని ఆక్రమించుకోవడం మొదలుపెట్టేసరికే వాటి ఇంట్లో దొంగ తయారుగా ఉన్నాడు. పొట్ట మీద పలకలు ఎన్ని అనే ఒక్క లెక్క నుంచి ఇంత కథ వస్తుంది. వర్గీకరణ అంటే పేర్ల పట్టిక అనుకున్న నాకు ఇక్కడే కళ్ళు తెరుచుకున్నాయి.

*

ఇక నా పూస మీద రాసున్న బర్మా.

కచిన్ రాష్ట్రంలోని హుకాంగ్ లోయ అంబర్ శతాబ్దాలుగా చైనాకి పోతూనే ఉంది. 1886లో ఎగువ బర్మాని బ్రిటిష్ ఇండియాలో కలుపుకున్నాక, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ ఉద్యోగి ఫ్రిట్జ్ నోట్లింగ్ 1890ల మొదట్లో ఆ గనులు చూసి నివేదిక రాశాడు. తర్వాత మాండలేలో ఉండే స్విన్‌హో అనే ఆయన పురుగులున్న ముక్కల్ని ఏరి అమెరికాలో కొలరాడోకి పంపితే, టి.డి.ఎ. కాకరెల్ 1916 నుంచి వాటిని వర్ణించాడు. అంబర్ దొరికిన పొర కొత్తదన్నా, పురుగులు చూస్తే ఇంకా పాతవిగా, డైనోసార్ల కాలంవిగా ఉండొచ్చని ఆయనకి అనుమానమొచ్చింది. 2012లో అంబర్ చుట్టూ ఉన్న అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ రేణువులతో లెక్క కడితే వయసు 9.9 కోట్ల ఏళ్ళకి దగ్గరగా తేలింది. పురుగుల ముఖాలు చదివి కాకరెల్ చెప్పింది దాదాపు వందేళ్ళకి రుజువైంది.

ఈ శతాబ్దంలో బర్మా అంబర్ వరదలా వచ్చింది. 2018 చివరికే దాంట్లోంచి పేరు పెట్టిన జాతులు వెయ్యి దాటాయి. ఆ జాబితాని ఏటా కూర్చేది, ఆ ఈగ దొంగతనం పట్టుకున్న ఆండ్రూ రాసే. అందులో పెంకుపురుగుల కథలు ఒక్కోటీ ఒక్కో నవల. 2018లో సైకడ్ చెట్ల పుప్పొడితో సహా దొరికిన పురుగు. 2019లో పూల మొక్కల పుప్పొడి ఒంటికి అంటుకుని దొరికిన ఇంకోటి, పూలకీ పురుగులకీ స్నేహం ఎంత పాతదో చూపించింది. అదే ఏడు ప్రోమిర్మిస్టర్ అనే చీమలింటి అతిథి దొరికి, గుజరాత్ దొంగకంటే రెట్టింపు ముసలి దొంగ ఉన్నాడని తెలిసింది.

మరి ఆ అంబర్ తవ్వేదెవరు? కచిన్ ప్రాంతంలో సైన్యానికీ స్థానిక సాయుధ దళాలకీ ఏళ్ళుగా పోరు. 2017లో సైన్యం ఆ గనుల ప్రాంతాన్ని పట్టుకుంది, వేలమంది ఊళ్ళు వదిలి పోయారు. తవ్విన సరుకు చాలావరకు సరిహద్దు దాటి యున్నాన్ బజార్లకి చేరుతుంది, అక్కణ్ణించి ప్రయోగశాలలకీ నాలాంటివాళ్ళ ఫోన్లకీ. మయన్మార్ చట్టం శిలాజాల్ని దేశం దాటించొద్దంటుంది, రత్నాల్ని అమ్ముకోమంటుంది. పురుగున్న అంబర్ శిలాజమా, రత్నమా? ఇది కూడా వర్గీకరణ సమస్యే. కాకపోతే దీంట్లో తప్పు జవాబుకి మూల్యం చెల్లించేది పురుగులు కాదు. 2020లో వెన్నెముక జీవుల పురాజీవశాస్త్ర సంఘం, 2017 తర్వాత కొన్న అంబర్ మీద పత్రాలు వేయొద్దని పత్రికల్ని కోరింది. కొన్ని పత్రికలు ఒప్పుకున్నాయి. మరికొందరు శాస్త్రవేత్తలు, మనం కొనకపోతే ఇవన్నీ నగలుగా అరిగిపోతాయి, శాస్త్రం నష్టపోతుంది అన్నారు. రెండు వాదనలూ చదివాను. రెండోది తోసిపుచ్చలేనిదే. కానీ సేకరణ కాలిపోతే కలిగే నష్టం గురించి ఇంతసేపు బాధపడిన నేను, ఊరు ఖాళీ చేసి పోయినవాళ్ళ నష్టాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టలేకపోయాను.

ఆ రాత్రి పూసని పరీక్ష చేశాను. గ్లాసుడు నీళ్ళలో ఉప్పు ఇక కరగదనేదాకా కలిపి అందులో వేస్తే తేలింది. ప్లాస్టిక్ అయితే చాలావరకు మునిగేది. తర్వాత మా ఆవిడ గోళ్ళరంగు తుడిచే అసిటోన్ ఒక చుక్క మూలగా వేశాను. నిజమైన అంబర్ పట్టించుకోదు. నాది కాసేపటికి జిగటగా వేలికి అంటుకుంది. కోపల్. అంటే ఇంకా అంబర్ కాని, లెక్కకి నిన్నమొన్నటి జిగురు. లోపలి పురుగు నిజమైనదే. మీసాల కింద సాగిన ముక్కు కనిపిస్తోంది కాబట్టి ముక్కుపురుగుల వైపే. అంతకుమించి చెప్పలేను. మా అమ్మ బియ్యంలోంచి ఏరి పారేసినదాని దూరపు బంధువుని నాలుగువేల మూడొందలకి కొన్నానన్నమాట.

మోసపోయానని కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే ఒక ఊరట వచ్చింది, ఒప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కార్డు మీది మాట నిజమై ఉంటే నేను ఇంకా పెద్ద తప్పులో భాగం అయ్యేవాణ్ణి. అమ్మినవాడు అబద్ధమాడడం నాకు దక్కిన అదృష్టం. కొనేటప్పుడు నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, అది నా తప్పు.

పాత కార్డు తీసేసి కొత్తది రాశాను. క్రమం: కొలియోప్టెరా. ముక్కుపురుగుల వంశం. జిగురు: కోపల్. వయసు, దొరికిన చోటు అనే గళ్ళు గీసి, వాటిని ఖాళీగా వదిలేశాను. మా ఆవిడకి చూపిస్తే తిప్పి తిప్పి చదివి, “ఇప్పుడు బాగుంది,” అంది. పూసని మాత్రం పక్కన పెట్టేసింది.